వెన్న ఇడ్లీకి చిరునామా బాబాయ్ హోటల్

విజయవాడ: పని మీద నగరానికి వచ్చి రైలు దిగిన పల్లెవాసులు మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందని అడిగితే, పాతతరం వారు చూపే దారి గాంధీనగర్ వైపే. 1942లో ప్రారంభమైన బాబాయ్ హోటల్ అక్కడే ఉంది. బర్గర్ల దుకాణాలు వీధివీధికీ వచ్చిన ఈ రోజుల్లోనూ దాని పేరు చెక్కుచెదరలేదు.

హంగులు కోరుకునే వారికి ఇక్కడ చూడదగినది ఏమీ లేదు. విశేషమంతా ఇడ్లీలోనే. పొగలు కక్కుతున్న ఇడ్లీపై వెన్న వేసి, కారప్పొడి, చట్నీలతో వడ్డిస్తారు. ఆంధ్ర ప్రాంతంలో రుబ్బిన మినప్పిండిలో ఇడ్లీరవ్వ కలపడం పరిపాటి. అందువల్ల ఇడ్లీ కాస్త పలుకుగా ఉండి, కరిగిన వెన్నను ఇట్టే పీల్చుకుంటుంది. కారప్పొడి ఘాటు ఆ వెన్నతోనే నాలుకకు ఇంపవుతుంది. చల్లారితే మాత్రం రుచి సగం పోయినట్లే. కబుర్లు తరువాత చెప్పుకోవచ్చు.

గాంధీనగర్ ఒకప్పుడు తెలుగు చిత్రాల పంపిణీ కార్యాలయాలకు కేంద్రం. ఆ రాకపోకల వల్ల హోటల్ ఖ్యాతి ఊళ్లు దాటింది. హైదరాబాద్‌లోనూ ఇదే పేరుతో హోటళ్లు వెలిశాయి. అయినా తొలిసారి రుచి చూసేవారు గాంధీనగర్‌కే, అదీ ఉదయం పూట వెళ్లడం మేలు.