దూలగొండి గింజ నుంచి మెదడులో తీగ దాకా

మెదడు లోతుల్లోకి సన్నని తీగ దింపి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీ పెట్టె నుంచి రాత్రింబవళ్ళు కరెంటు పంపే వైద్యమే డీప్ బ్రెయిన్ స్టిములేషన్. మందులకు లొంగని వణుకుకూ, పార్కిన్సన్స్ జబ్బుకూ, ఒళ్ళు మెలితిప్పే డిస్టోనియాకూ దీన్ని వాడతారు.

తీగ కంటే ముందు మందు వచ్చింది. అమ్రాబాద్ దిక్కు నల్లమల పొదల్లో అల్లుకునే దూలగొండి కాయల నూగు తగిలితే దురద ఓర్వలేం. ఆ గింజల్లో లెవోడోపా అనే పదార్థం ఉందని 1937లో మద్రాసులో శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి తేల్చారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గడమే పార్కిన్సన్స్‌కు మూలమని తెలిశాక, మెదడులో డోపమైన్‌గా మారే అదే లెవోడోపా 1960ల చివర మందై కదల్లేనివాళ్ళను నడిపించింది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కో మోతాదు పనిచేసే సమయం తగ్గుతుంది. పనిచేసే వేళ ఒళ్ళు అదుపు తప్పి ఊగుతుంది.

దాంతో వైద్యుల చూపు మళ్ళీ ఆపరేషన్ మీద పడింది. పాత పద్ధతిలో మెదడు లోపలి థాలమస్ అనే భాగంలో ఒక చుక్కంత చోటును కాల్చేసేవారు. చోటు సరైనదేనా అని ముందుగా అక్కడ కరెంటు పెట్టి చూసేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ అలీం లూయీ బెనబిడ్ ఆ పరీక్షలోనే కరెంటు వేగాన్ని మార్చి చూశారు. సెకనుకు వంద పల్స్‌ల దగ్గరికి వచ్చేసరికి వణుకు ఠక్కున ఆగింది. కరెంటు తీసేయగానే తిరిగొచ్చింది! అంతకుముందు ఎందరో చేసిన పరీక్షే అది. ఆయన దాన్ని పట్టించుకుని చూశారు. కాల్చిన చోటు మళ్ళీ బాగుపడదు, రెండు పక్కలా కాలిస్తే మాటకు ముప్పు. తీగలో కరెంటును తగ్గించవచ్చు, పెంచవచ్చు, వద్దనుకుంటే ఆపవచ్చు.

థాలమస్ కింద ఉండే సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని దెబ్బతీస్తే కోతుల్లో పార్కిన్సన్స్ లక్షణాలు తగ్గుతాయని 1990లో అమెరికా న్యూరాలజిస్టు మాలన్ డిలాంగ్ బృందం చూపింది. అనపగింజంత ఉండే ఆ చోటికి 1993లో గ్రెనోబుల్ బృందం తీగ దింపింది. అమెరికాలో వణుకుకు 1997లో, పార్కిన్సన్స్‌కు 2002లో అనుమతి దొరికింది.

తెలుగునాట హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ దవాఖానలో ఈ వైద్యం చేపట్టినవారిలో న్యూరాలజిస్టు రూపం బర్గొహైన్, న్యూరోసర్జన్ మానస్ పాణిగ్రాహి ఉన్నారు. నల్లగొండ, పాలమూరు వైపు వణుకుడు రోగులకు అందుబాటులో ఉన్న పెద్ద సర్కారు దవాఖానల్లో అదొకటి. పార్కిన్సన్స్ రోగికైతే ముందు లెవోడోపా ఆపి, మళ్ళీ ఇచ్చి, కదలిక ఎంత మెరుగైందో కొలుస్తారు. వణుకు మాట అటుంచితే, ఆ జబ్బులో మందుకు బాగా స్పందించే ఒంటికే తీగ కూడా మేలు చేస్తుంది; దూలగొండి గింజలో దొరికిన పదార్థమే ఇక్కడా కొలబద్ద. మతిమరుపు ముదిరినవారికి ఈ ఆపరేషన్ చేయరు. చాలాచోట్ల రోగిని మెలకువగానే ఉంచి, పిడికిలి మూసి తెరవమంటూ తీగ చోటు సరిచూస్తారు.

ఖర్చు లక్షల్లోనే. ఆపరేషన్ అయ్యాక కరెంటు మోతాదు కుదిరేదాకా నెలల తరబడి దవాఖానకు తిరగాలి. అచ్చంపేట, దేవరకొండ నుంచి వచ్చేవారికి ప్రతిసారీ ఒక రోజు పోతుంది. బ్యాటరీ తీరితే ఛాతీ దగ్గర చిన్న కోతతో పెట్టె మారుస్తారు, మెదడులోని తీగను కదపరు.