దైవనిర్ణయం – పాలకుని బాధ్యత

విధి, పురుషకారాల చర్చ కేవలం తాత్త్వికమైనది కాదు. పాలకుని నైతిక బాధ్యతకు సంబంధించినది కూడా. మహాభారతంలో ధృతరాష్ట్రుడు వంశనాశనాన్ని దైవానికి ఆపాదిస్తే, సంజయుడు అతని దోషాన్నే ఎత్తిచూపుతాడు. దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో పితృహంతకుడైన అజాతశత్రువుకు మక్ఖలి గోసాలుని నియతివాదం సంతృప్తినివ్వదు. అతడు బుద్ధుని ఎదుట తన నేరాన్ని అంగీకరిస్తాడు. ఇస్లాం చరిత్రలో ఉమయ్యద్ ఖలీఫాల (661–750) అధికారాన్ని దైవనిర్ణయంగా సమర్థించే ధోరణి ఏర్పడగా, మానవ స్వేచ్ఛావాదులైన ఖదరీయులు దానిని ప్రతిఘటించారు. వారిలో ప్రముఖుడైన ఘైలాన్ అల్-దిమష్కీకి ఖలీఫా హిషామ్ (724–743) మరణశిక్ష విధించాడు. అనంతరకాలంలో అల్-అష్అరీ, క్రియను సృష్టించేది దైవమే అయినా దానిని ఆర్జించేవాడు మానవుడేనని 'కస్బ్' సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. విధిభావనకు ఇచ్చిన స్థానంలో ఈ మూడు సంప్రదాయాలు విభేదించినా, కర్తను జవాబుదారీతనం నుండి విముక్తుణ్ణి చేయడానికి నియతివాది మక్ఖలి గోసాలుడు మినహా ఇక్కడి ఆలోచనాపరులెవరూ అంగీకరించలేదు.