డీఎన్ఏ పురి: ఒక్క అణువును పట్టి చూసిన చరిత్ర

జంట పోగుల డీఎన్ఏ తన మీద తాను అదనంగా మెలితిరగడాన్ని సూపర్ కాయిలింగ్ అంటారు. పురి ఎక్కువైన తాడును వదులు చేస్తే అది ముడుచుకుని తన చుట్టూ తానే పెనవేసుకుంటుంది. డీఎన్ఏలో ఏర్పడే అలాంటి పెనకు ప్లెక్టోనీమ్ అని పేరు. మామూలు స్థితిలో డీఎన్ఏ సుమారు 10.5 బేస్ జతలకు ఒక చుట్టు తిరుగుతుంది. బాక్టీరియా ఆ పురిని కొంత సడలించి ఉంచుకుంటుంది. జన్యువును చదవాలన్నా, నకలు తీయాలన్నా పోగులు విడివడాలి. సడలిన పురి ఆ పనిని తేలిక చేస్తుంది.

డీఎన్ఏ ఇలా అదనంగా మెలితిరుగుతుందన్న సంగతి మొదట ఒక వైరస్‌లో బయటపడింది. పాలియోమా వైరస్ డీఎన్ఏ వలయం అదనపు మెలికలతో ఉంటుందని, ఒక పోగుకు గాటు పడితే చాలు ఆ మెలికలన్నీ విడిపోతాయని 1965లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో జెరోమ్ వినోగ్రాడ్ బృందం చూపింది. మెలిక విప్పే ఎంజైమును 1971లో జేమ్స్ వాంగ్, పురిని సడలించే గైరేజ్‌ను 1976లో మార్టిన్ గెలర్ట్ బృందం కనుగొన్నారు.

అంతగా పెనవేసుకున్న పోగులు కణంలో ఎలా విడిపోతాయన్న ప్రశ్న అప్పటికింకా తెగలేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వి. శశిశేఖరన్ బృందం 1970ల్లో, పోగులు పెనవేసుకోకుండా పక్కపక్కన సాగే నమూనాను ప్రతిపాదించింది. 1979లో క్రిక్, వాంగ్, బాయర్ వలయాకార డీఎన్ఏ కొలతల ఆధారంగా జంట సర్పిలమే నిజమని తేల్చారు. నమూనా నిలవకపోయినా, అది లేవనెత్తిన ప్రశ్న విలువైనది.

ఇవన్నీ కోట్లాది అణువులను ఒకే గొట్టంలో ఉంచి చేసిన ప్రయోగాలు. వాటిలో తెలిసేది సగటు మాత్రమే. ఏ మెలిక ఎప్పుడు పుట్టి ఎటు కదిలిందో తెలియదు. 1992లో అమెరికాలోని ఆరెగాన్‌లో స్మిత్, ఫింజి, బుస్టమాంటె ఒక్క డీఎన్ఏ అణువుకు అయస్కాంత పూస తగిలించి లాగి చూశారు. అయితే పురి ఎక్కించడం సాధ్యమైంది 1996లో, పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో.

అక్కడ స్ట్రిక్, అలెమాన్, బెన్సిమాన్, క్రోకెట్ తదితరులు లాంబ్డా వైరస్ డీఎన్ఏను తీసుకున్నారు. దాని పొడవు 48,502 బేస్ జతలు, అంటే సుమారు 16 మైక్రాన్లు. ఒక కొసను గాజు పలకకు, రెండో కొసను అయస్కాంత పూసకు అతికించారు. ఒక్కో కొస ఒక్కచోటే అంటుకుంటే అణువు గిర్రున తిరిగి పురి వదిలేసుకుంటుంది. అందుకే రెండు కొసలనూ పలుచోట్ల బిగించారు. పైన ఉన్న అయస్కాంతాలను తిప్పితే పూస తిరిగేది, డీఎన్ఏకు పురి ఎక్కేది. సూక్ష్మదర్శినిలో పూస ఎత్తు చూసి డీఎన్ఏ ఎంత కుంచించుకుందో చెప్పేవారు. లాగే బలం అర పికోన్యూటన్‌కు లోపు ఉంటే ఎటు తిప్పినా అణువు ఒకేలా పొట్టి అయ్యేది. బలం అంతకు మించితే, పురి విప్పే దిశలో తిప్పినప్పుడు పొట్టి కావడం ఆగిపోయేది. మెలిక పడే బదులు పోగులే విడిపోయేవి. 2000లో ఇదే పద్ధతితో, టోపోఐసోమరేజ్-2 ఎంజైము ఒక్కో విడతకు రెండేసి మెలికలు విప్పడాన్ని కొలిచారు. ఈ రంగంలో ఇంత సూటిగా, ఇంత తక్కువ సరంజామాతో సాగిన ప్రయోగాలు అరుదు.

ఇన్నాళ్లూ చూసింది పూసను, మెలికను కాదు. ఆ కొరతను తీర్చింది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సీస్ డెకర్ ప్రయోగశాల. 2012లో వాన్ లూన్‌హౌట్, డెకర్ తదితరులు మెరిసే రంగు పట్టించిన డీఎన్ఏకు పురి ఎక్కించి పక్కకు లాగారు. ప్లెక్టోనీమ్ ఉన్నచోట డీఎన్ఏ ఎక్కువ పోగవుతుంది కనుక అక్కడ వెలుగు చిక్కగా కనిపించింది. ఆ చుక్క మెల్లగా జరుగుతూ, ఒక్కోసారి ఉన్నచోట మాయమై దూరంగా మరోచోట తేలేది.

2016లో అదే ప్రయోగశాల నుంచి మహీపాల్ గంజి తదితరులు అయస్కాంతాల అవసరమే లేని పద్ధతి తెచ్చారు. రెండు కొసలూ గాజుకు కట్టిన డీఎన్ఏ మీద సైటాక్స్ ఆరెంజ్ అనే రంగు పోస్తే, అది బేస్ జతల మధ్య దూరి సర్పిలాన్ని విప్పుతుంది. కొసలు తిరగలేవు కాబట్టి ఆ పురి ప్లెక్టోనీమ్‌గా మారుతుంది. మెలిక పుట్టించేదీ, దాన్ని చూపించేదీ ఒకే రంగు కావడం దీని గొప్పతనం; ఒకేసారి ఎన్నో అణువులను చూడవచ్చు. ప్లెక్టోనీమ్ ఎక్కడ నిలుస్తుందో నిర్ణయించడంలో బేస్‌ల వరుసకు పాత్ర ఉందని 2018లో ఇదే పద్ధతి తేల్చింది.

అదే ఏడాది గంజి బృందం ఇలా కొసలు కట్టిన డీఎన్ఏ మీదే, కండెన్సిన్ అనే ప్రొటీను సెకనుకు 1,500 బేస్ జతల వరకు లాగుతూ ఉచ్చు పెంచడాన్ని నేరుగా చిత్రించింది. గంజి ఆ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని జీవరసాయన శాఖలో అధ్యాపకుడయ్యారు.