చెవిపోగు వెనుక చరిత్ర: పసిబిడ్డలకు చెవులు కుట్టించవచ్చునా?

మందమర్రిలో సింగరేణి క్వార్టర్లలో నివసించే ఒక ఇంట ఇటీవల చిన్న వివాదం తలెత్తింది. పాపకు మూడో నెల. ఈ నెలలోనే మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలని నాయనమ్మ పట్టుదల. పెద్దయిన తరువాత తానే అడిగితే అప్పుడు చూద్దామని తండ్రి వాదన. తల్లి ఎటూ తేల్చుకోలేక పాపను ఎత్తుకొని నా వద్దకు వచ్చింది. "మీరే చెప్పున్రి సార్, ఎవరి మాట వినాలె?" అన్నది. ఆమెకు అప్పటికప్పుడు చెప్పిన సమాధానం చిన్నది. ఈ ఆచారం వెనుక ఉన్న కథ మాత్రం చాలా పెద్దది.

చెవి కుట్టుకోవడం మన దేశానికి మాత్రమే చెందిన అలవాటు కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన, సుమారు 5300 సంవత్సరాల నాటి 'ఓట్జీ' అనే మనిషి దేహానికి చెవితమ్మెలు సాగదీసిన రంధ్రాలతో ఉన్నాయి. అమరావతి శిల్పాలలోని స్త్రీపురుషులకూ, రామప్ప గుడి మదనికలకూ ఉన్న బరువైన కర్ణాభరణాలను మనం చూస్తూనే ఉన్నాము. బుద్ధ విగ్రహాలకు పొడవాటి చెవితమ్మెలు ఉండడానికి రాజకుమారుడిగా ఆయన ధరించి విడిచిపెట్టిన కుండలాలే కారణమని ఒక వ్యాఖ్యానం ఉన్నది. పోగులు ఒకప్పుడు మగవారి సొత్తు కూడా. మన పల్లెల్లో పాతతరం పురుషుల చెవులను గమనించినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అయితే దీనిని వైద్యుని పనిగా భావించి, పద్ధతిని గ్రంథస్థం చేసిన ఘనత సుశ్రుతునిది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పదహారవ అధ్యాయం చాలావరకు చెవికి సంబంధించినదే. రక్షకూ, అలంకారానికీ చెవులు కుట్టాలని అందులో చెప్పారు. ఆరవ లేదా ఏడవ నెలలో, శుక్లపక్షంలో, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులు చూపి మురిపిస్తూ ఈ పని చేయాలి. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి. చెవితమ్మెను ఎండకు ఎదురుగా పట్టుకొని, వెలుగు ప్రసరించే పలుచని చోటు చూసి గుచ్చాలి. తమ్మె పలుచనైతే సూది, మందమైతే ఆర వాడాలి. నెత్తురు ఎక్కువగా వచ్చినా, నొప్పి ఎక్కువైనా తప్పు చోట కుట్టినట్లే లెక్క. కుట్టిన తరువాత దూదివత్తి పెట్టి నూనెతో తడపాలి. మూడు రోజులకొకసారి వత్తిని కొంచెం లావు చేయాలి. మన అమ్మమ్మలు రంధ్రం పూడకుండా చీపురుపుల్లో వేపపుల్లో పెట్టి, పసుపూ నూనే రాయడం ఈ పద్ధతికి దగ్గరి చుట్టమే.

అంతటితో ఆగలేదు. కాళిక, మర్మరిక, లోహితిక అనే సిరలకు దెబ్బ తగిలితే జ్వరం, వాపు, మెడ బిగుసుకుపోవడం వంటి ఉపద్రవాలు కలుగుతాయని హెచ్చరించారు. మొద్దుబారిన సూది, వంకర సూది వాడితే ఏమవుతుందో కూడా చెప్పారు. మెడ బిగుసుకుపోవడం అన్నమాట చదివినప్పుడల్లా నా మనసు ధనుర్వాతం వైపు పోతుంది. సుశ్రుతుడు చూసినది అదేనని రుజువు చేయలేము కాని, చెవి కుట్టించిన తరువాత అలా బాధపడే పిల్లలను ఆనాటి వైద్యులు చూసి ఉంటారనడంలో నాకు సందేహం లేదు.

అదే అధ్యాయంలో తెగిన చెవితమ్మెను తిరిగి అతికించే పదిహేను పద్ధతులూ, చివరన ముక్కును పునర్నిర్మించే విధానమూ ఉన్నాయి. పూనాలో కోవాస్జీ అనే బండివానికి నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దానిని చదివి కార్ప్యూ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు అక్కడ ఆ చికిత్స మొదలుపెట్టాడు. నేటి ప్లాస్టిక్ సర్జరీకి మూలాలలో ఒకటి మన చెవిపోగు పక్కనే ఉన్నదన్నమాట.

ఇక 'రక్ష' అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. ఏడాది నిండకుండానే బిడ్డలు రాలిపోయే కాలంలో తల్లిదండ్రుల భయం నుండి పుట్టిన మాట అది. వరుసగా బిడ్డలు పోయిన ఇంట, తరువాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టి, ముక్కు కుట్టించడం మన ప్రాంతంలో పెద్దలందరికీ తెలిసిన ఆచారమే. మృత్యువు దృష్టి పడకుండా బిడ్డను కొంచెం వికారం చేసి చూపించడమే ఆ ఉపాయం. దీనిని మూఢనమ్మకమని తేలికగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. వారి చేతిలో అప్పటికి వేరే ఆయుధం లేదు.

ఆ ఆయుధం రావడానికి చాలా కాలం పట్టింది. 1889లో కిటసాటో ధనుర్వాత క్రిమిని వేరుచేశాడు. 1920లలో టాక్సాయిడ్ టీకా తయారైంది. మన దేశంలో శిశువుల టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985 నుండి సార్వత్రికమైంది. అంతకుముందు ఒకే సూదితో ఊరంతటి పిల్లల చెవులు కుట్టిన రోజులున్నాయి. ఆ రోజుల్లో వైద్యవిద్యార్థిగా, చీకటి గదిలో పడుకోబెట్టిన ధనుర్వాతం పిల్లలను చూశాను. చిన్న శబ్దానికే వారి ఒళ్లు విల్లులా వంగిపోయేది. ఆ దృశ్యం మరపురాదు. తల్లులలోనూ నవజాత శిశువులలోనూ వచ్చే ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. హెపటైటిస్-బి కూడా సూదితో వ్యాపించేదే. దానికి దేశీయంగా చవకైన టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన సంగతి తెలుగువారు గర్వించదగినది.

నేడు శిశువుకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో ఈ రెండింటి నుండీ రక్షణ ఉన్నది. సుశ్రుతుడు చెప్పిన ఆరేడు నెలల వయసు ఈ మూడు మోతాదులు పూర్తయిన తరువాతే వస్తుంది. ఇది యాదృచ్ఛికమే. ప్రాచీనులకు టీకాలు తెలుసని ఎవరైనా వాట్సాప్‌లో రాస్తే నమ్మకండి. అదే విధంగా చెవి కుట్టిస్తే కంటిచూపు మెరుగవుతుందనీ, మెదడు చురుకవుతుందనీ వచ్చే సందేశాలకు కూడా నిరూపణ లేదు. ఫ్రాన్సులో పాల్ నోజియే అనే వైద్యుడు 1950లలో చెవిపై శరీరభాగాల పటం గీశాడు. ఈ సందేశాలలో చాలావరకు ఆ పటానికి పూసిన రంగులే.

నాయనమ్మ వాదనలో మరొక భాగం ఉన్నది: "చిన్నప్పుడైతే నొప్పి తెల్వది." ఈ పొరపాటు ఆమెది మాత్రమే కాదు, మా వైద్యులది కూడా. నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదని భావించి 1980ల వరకు పాశ్చాత్య దేశాలలో సైతం చాలీచాలని మత్తుతో ఆపరేషన్లు చేశారు. భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1987లో ప్రచురితమై ఆ అభిప్రాయాన్ని మార్చింది. పసిబిడ్డకు నొప్పి తెలుస్తుంది, గుర్తుండదు, అంతే. కాబట్టి ఏడవదన్న కారణంతో కుట్టించకూడదు.

తండ్రి వాదన కూడా పూర్తిగా ఒప్పు కాదు. ఇంగ్లండులో 2015లో శిశువుల చెవులు కుట్టించడాన్ని నిషేధించాలని వేలాదిమంది సంతకాలు చేశారు. బిడ్డ శరీరంపై బిడ్డదే హక్కు అన్న ఆ మాటను నేను గౌరవిస్తాను. అయితే పదకొండేళ్లు దాటిన తరువాత కుట్టించుకున్నవారిలో కీలాయిడ్ గడ్డలు ఎక్కువని పరిశీలనలున్నాయి. మన చర్మానికి ఆ గుణం కొంత అధికమే. కుటుంబంలో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే అసలు కుట్టించకపోవడమే మేలు. పుట్టుకతో గుండెజబ్బు ఉన్న బిడ్డ అయితే ముందుగా వైద్యుని అడగాలి.

ఆ తల్లికి నేను చెప్పినది ఇంతే: పద్నాలుగు వారాల టీకా పడేవరకు ఆగండి. జ్వరం, జలుబు, చర్మవ్యాధి లేని రోజు చూసుకోండి. కొత్త సూది వాడమనండి. ప్లాస్టిక్ గన్‌ను మరిగించి శుద్ధి చేయడం సాధ్యం కాదు. మెత్తని తమ్మెకే కుట్టించండి, పైన మృదులాస్థికి వద్దు. అక్కడ చీము పడితే చెవి రూపమే మారిపోతుంది. నికెల్ కలిసిన చౌక పోగులు పెట్టకండి. 1994లో యూరోపియన్ యూనియన్ నికెల్‌పై ఆంక్షలు పెట్టింది ఇటువంటి ఎలర్జీల వల్లనే. పోగు చిన్నదిగా, శీల బిగువుగా ఉండాలి. ఊడిన శీల బిడ్డ నోట్లోకే పోతుంది. మరీ బిగిస్తే తమ్మెలో కూరుకుపోతుంది, అటువంటివి నేను చాలాసార్లు తీశాను. ఎర్రబడినా, చీము పట్టినా పసుపుతో సరిపెట్టక వెంటనే చూపించండి.

పాపకు అయిదో నెల దాటాక ఔసలాయన ఇంటికే వచ్చి కొత్త సూదితో కుట్టాడని తరువాత తెలిసింది. ముందు ఎడమచెవే కుట్టారట. ఆటవస్తువు స్థానంలో మేనమామ సెల్‌ఫోన్ చూపించాడు. పాప ఒక నిమిషం ఏడ్చిందనీ, తండ్రి మాత్రం వాకిట్లోనే నిలబడ్డాడనీ తల్లి నవ్వుతూ చెప్పింది.