సన్ ఫిల్మ్, సీమ ఎండ

తెల్లవారుజామున ఐదున్నర. కర్నూలులో హంద్రీ మీదుగా వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలు. పొద్దెక్కితే ఈ రేకుల షెడ్డులో నిలబడలేం. బావ బకెట్టుతో నేలంతా నీళ్లు చల్లుతున్నాడు. ఫ్యాను ఆపేశాం. కారు అద్దానికి అంటించే ఫిల్మ్ కింద ఒక్క నలుసు చిక్కినా, అక్కడ లేచిన బుడగ ఎంత రుద్దినా పోదు.

"బోరు నీళ్లు వద్దు బ్బీ, క్యాను నీళ్లు పొయ్."

బావది కడప. ఆ మాటలో అనుభవముంది. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు పుట్టిన సున్నపురాతి నేల మనది. ఆ సున్నమే బోరు నీళ్లలో ఉంటుంది, ఆరితే అద్దం మీద తెల్లటి మరకలు కట్టిస్తుంది. స్ప్రే సీసాలో క్యాను నీళ్లు పోసి, పిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేస్తాం.

మొదట ఎడమవైపు వెనక తలుపు అద్దం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పొద్దున కడపకు బయలుదేరితే ఎండంతా పడేది అటువైపే. అక్క పసిబిడ్డతో కూర్చునేదీ అక్కడే. బయటివాళ్లకు సీమ అనగానే సినిమాల్లోని నల్లద్దాల సుమోలు గుర్తొస్తాయి. ఇక్కడ ఫిల్మ్ అడిగే వాళ్లలో ఎక్కువమంది భయం ఎండ గురించే.

కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి అద్దం లోపలివైపు గీకుతాం. చేతికి తగలని జిడ్డు కూడా బ్లేడుకు తెలుస్తుంది. ఫిల్మును ముందు బయటివైపు పరిచి కొలత తీసి, కింద రెండు వేళ్లంత ఎక్కువ ఉంచి కత్తిరిస్తాం. ఇప్పుడు అసలు పని. బావ మూలలు పట్టుకుంటే, వెనక పొరను ఉల్లిపొరలా లాగుతున్నాను. లాగినంతమేరా నీళ్లు కొట్టాలి, లేకుంటే జిగురు తనకు తానే అతుక్కుంటుంది. తడి అద్దం మీద ఫిల్మ్ జారుతుంది, ఇటూ అటూ సర్దుకోవచ్చు. కింది అంచును రబ్బరు బీడింగు లోపలికి దోపి, రబ్బరు పట్టీతో నడుమ నుంచి అంచులకు నీళ్లు తోస్తాం. తొందర పడితే మడత పడుతుంది. ఆలస్యమైతే ఈ ఊరి గాలికి నీళ్లు ఆరిపోతాయి.

ఎనిమిదికల్లా ఎండ షెడ్డులోకి వచ్చింది. అంటించిన అద్దం వెనక అరచెయ్యి పెట్టి చూడండి, తరువాత అంటించని దాని వెనక. వెలుతురులో పెద్ద తేడా లేదు, చురుకులో ఉంది. ఎండ వేడిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలది. మేం వేసిన సిరామిక్ ఫిల్మ్ ఆపేది వాటిని. రంగు మాత్రమే ఉన్న నల్ల ఫిల్మ్ వెలుతురును మింగి తానే వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంత లోపలికే వస్తుంది.

చట్టం సంగతీ తెలిసుండాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద ఫిల్మే వద్దంది. 2021 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల నిబంధన 100లో సేఫ్టీ గ్లేజింగ్, అంటే ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా, చేరింది. దాని ఆధారంగా, ముందు వెనక అద్దాలు 70 శాతం, పక్కవి 50 శాతం వెలుతురు పోనిస్తే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అది కేరళ తీర్పు. ఇక్కడ పోలీసులు ఆపి 2012 తీర్పు చూపించవచ్చు. ఇంకో లెక్క. ఆ 50 శాతం అద్దమూ ఫిల్మూ కలిపి. కారు అద్దం తానే 75 శాతం పోనిచ్చేదైతే, 70 శాతం ఫిల్మ్ వేశాక మిగిలేది 52 చిల్లర. అంతకన్నా బాగా ముదురు ఫిల్మ్ వేస్తే గీత దాటినట్టే.

వెనక పెద్ద అద్దం జోలికి మనం పోవడం లేదు. దాని వంపుకు హీట్ గన్‌తో ఫిల్మును ముడిచి అతకాలి, లోపల డీఫాగర్ తీగలుంటాయి. అది చెయ్యి తిరిగిన పనివాడికే వదలాలి. ముందు అద్దానికి ఏమీ వేయం.

మూడు నాలుగు రోజులు అద్దాలు దించకండి. అమ్మోనియా ఉన్న క్లీనరుతో తుడవకండి. బిల్లు కారులో ఉంచుకోండి. కొనేటప్పుడు నలుపు చూడకుండా, వెలుతురు ఎంత పోనిస్తుంది, పరారుణాన్ని ఎంత ఆపుతుంది అన్న రెండు అంకెలూ అడిగి కొనండి.