జన్యువు మారకుండా మారిన రంగు: ఈస్టు ప్రియాన్ల చరిత్ర

1965లో బ్రయన్ కాక్స్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త ఈస్టు రంగుకు సంబంధించిన ఒక చిక్కును ప్రకటించారు. ఆయన పెంచుతున్న ఈస్టులో ఎడినీన్ తయారీకి కావలసిన ఒక జన్యువు మధ్యలో, ఉండకూడని చోట, 'ఇక్కడ ఆపు' అనే సంకేతం వచ్చి చేరింది. దానివల్ల అవసరమైన ప్రోటీను సగంలోనే ఆగిపోతుంది. తయారీలో మధ్యన నిలిచిపోయిన పదార్థం పేరుకొని ఈస్టు ఎర్రబడుతుంది. మరొక జన్యువులో వచ్చిన మార్పు ఆ తప్పుడు సంకేతాన్ని దాటించగలిగితే ఈస్టు తెల్లగా ఉంటుంది. ఇంతవరకు చిక్కు లేదు. అయితే అవే జన్యువులున్న ఈస్టు కొన్నిసార్లు తెల్లగానూ, కొన్నిసార్లు ఎర్రగానూ కనిపించింది. పైగా ఆ రంగు తరతరాలకూ నిలిచింది.

కాక్స్ ఎరుపునూ తెలుపునూ సంకరం చేసి చూశారు. మెండెల్ సూత్రం ప్రకారం, సంకరం తర్వాత ఏర్పడే నాలుగు సిద్ధబీజాలలో రెండింటికి ఒక లక్షణమూ, మిగిలిన రెండింటికి మరో లక్షణమూ రావాలి. ఇక్కడ నాలుగూ తెల్లగానే వచ్చాయి. అంటే ఈ లక్షణాన్ని మోస్తున్నది కేంద్రకంలోని క్రోమోజోము కాదు, కణద్రవ్యంలోని మరేదో. దానికి కాక్స్ 'సై' అనే గ్రీకు అక్షరాన్ని పేరుగా పెట్టారు. పేరైతే దొరికింది గాని, అది ఏ పదార్థమో తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

సంకరం చేయడం ఎందుకంత కీలకమైందో తెలుసుకోవాలంటే ఒమాన్‌లోని సమాయిల్ లోయను తలచుకోవచ్చు. అక్కడి ఖర్జూర తోటలలో మంచి రకాన్ని గింజ నాటి పెంచరు. గింజ నుంచి మొలిచిన చెట్టు తల్లిని పోలి ఉండదు; అది మగచెట్టయ్యే అవకాశమూ ఉంది. అందుకే తల్లిచెట్టు మొదట్లో పుట్టిన పిలకను వేరుచేసి నాటుతారు. మన ఈతచెట్టు కూడా ఆ ఖర్జూరపు ప్రజాతికే చెందినది. ఈస్టు కూడా సాధారణంగా ఇలాగే, తల్లికణం పక్కన మొగ్గ తొడిగి పెరుగుతుంది. అయితే పిలకకు తల్లి జన్యువులూ కణద్రవ్యమూ కలిసే అందుతాయి కనుక, ఏ లక్షణం దేనివల్ల వచ్చిందో పిలకను చూసి చెప్పలేం. ఆ రెండింటినీ విడదీసి చూపేది సంకరమే.

కణద్రవ్యం ద్వారా లక్షణాలు సంక్రమించడం అప్పటికి కొత్త సంగతి కాదు. 1940లలో బోరిస్ ఎఫ్రుస్సీ పారిస్‌లో గమనించిన చిన్న ఈస్టు రకాల గుట్టు తర్వాత మైటోకాండ్రియా డీఎన్‌ఏలో దొరికింది. పొరుగు ఈస్టులను చంపే కొన్ని ఈస్టులలో ఆర్‌ఎన్‌ఏ వైరసులు బయటపడ్డాయి. కాబట్టి 'సై' వెనుక కూడా ఏదో న్యూక్లియిక్ ఆమ్లం ఉంటుందని అందరూ వెతికారు. అది సహజమైన ఊహే, కాని ఏదీ దొరకలేదు. 1971లో ఫ్రాంస్వా లాక్రూట్ మరో చిక్కును జతచేశారు. మంచి నత్రజని ఆహారం అందుబాటులో ఉన్నప్పుడు ఈస్టు ముట్టుకోని యూరిడోసక్సినేట్‌ను ఒక రకం ఈస్టు లోపలికి తీసుకుంటోంది. అదీ కణద్రవ్యం ద్వారానే సంక్రమిస్తోంది. ఈ లక్షణానికి 'యూఆర్‌ఈ3' అని పేరు పెట్టారు.

ఇదే కాలంలో గొర్రెలకు వచ్చే స్క్రేపీ వ్యాధి మీద వేరే వాదం నడుస్తోంది. దాని కారకం ప్రోటీను మాత్రమే కావచ్చునని 1967లో గణితజ్ఞుడు జె. ఎస్. గ్రిఫిత్ రాశారు. 1982లో స్టాన్లీ ప్రూసినర్ దానికి 'ప్రియాన్' అని పేరుపెట్టారు. తీవ్రమైన అపనమ్మకాన్ని ఎదుర్కొన్నాక ఆయనకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. స్క్రేపీకీ ఈస్టుకూ సంబంధం ఉండవచ్చునని మాత్రం చాలాకాలం ఎవరూ తలచలేదు.

ఆ రెండింటినీ కలిపినవారు అమెరికాలోని బెథెస్డాలో పనిచేస్తున్న రీడ్ విక్నర్. ఆయన అంతకుముందు ఈస్టు వైరసులను పరిశోధించినవారు కావడం గమనించదగ్గది. వైరసు ఎలా ప్రవర్తిస్తుందో బాగా తెలిసినందువల్లనే, ఇది వైరసు కాదని ఆయన పట్టుకోగలిగారు. 1994లో ఆయన వాదన ఇలా సాగింది. వైరసును ఒకసారి పోగొట్టుకున్న కణంలో అది మళ్ళీ తనంతట పుట్టదు. యూఆర్‌ఈ3ని గ్వానిడీన్‌తో పోగొట్టినా అదే ఈస్టులో అరుదుగా మళ్ళీ పుడుతుంది. యూఆర్‌ఈ2 అనే ప్రోటీనును కణంలో ఎక్కువగా తయారుచేయిస్తే అది మరింత తరచుగా పుడుతుంది. ఆ ప్రోటీను జన్యువు చెడిపోయిన ఈస్టు కూడా అచ్చం అలాగే ప్రవర్తిస్తుంది. అయినా ఆ జన్యువు లేకపోతే యూఆర్‌ఈ3 నిలవదు. ఈ సంగతులన్నీ ఒకేసారి కుదరాలంటే, ఆ ప్రోటీనే రూపం మార్చుకొని పని మానేసి, మిగిలిన తోటి అణువులను కూడా తన రూపంలోకి మారుస్తూ ఉండాలి. 'సై' కూడా ఇలాంటిదేనని ఆయన సూచించారు. అందులో ముడుచుకుపోయేది సప్35 అనే ప్రోటీను. 'ఆపు' సంకేతాన్ని అమలుచేయడం దాని పని. అది గుంపుకట్టి పక్కకు తప్పుకుంటే తప్పుడు సంకేతం దాటిపోతుంది, ఈస్టు తెల్లగా కనిపిస్తుంది.

మరుసటి ఏడాది యూరీ చెర్నాఫ్, సూసన్ లిండ్‌క్విస్ట్, సూసన్ లీబ్‌మన్ తదితరులు హెచ్‌ఎస్‌పి104 అనే సహాయక ప్రోటీను పాత్రను వెల్లడించారు. అది లేకపోతే 'సై' పోతుంది. మరీ ఎక్కువైనా పోతుంది. అది ప్రోటీను పోగులను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే విత్తులై పిల్లకణాలకు చేరతాయి. గ్వానిడీన్ ఈ కత్తిరించే పనినే అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. 2004లో రెండు పరిశోధక బృందాలు పరీక్షనాళికలో తయారుచేసిన శుద్ధ ప్రోటీను పోగులను ఈస్టులోకి ఎక్కించి 'సై' లక్షణాన్ని పుట్టించాయి. 4 డిగ్రీల దగ్గర తయారైన పోగులు ఒక రకం 'సై'నీ, 37 డిగ్రీల దగ్గర తయారైనవి మరో రకాన్నీ ఇచ్చాయి. జన్యువు అదే, ప్రోటీను అదే, మారింది మడత మాత్రమే. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా నిర్ణయాత్మకమైన ప్రయోగం లేదు.

అసలు తగవు ఆ తర్వాతే ముదిరింది. ఇది ఈస్టుకు రోగమా, ఉపాయమా? ప్రతికూల పరిస్థితులలో దాగి ఉన్న జన్యు భేదాలను బయటపెట్టి బతికే దారి చూపే ఏర్పాటు ఇదని లిండ్‌క్విస్ట్ వాదించారు. విక్నర్ ఒప్పుకోలేదు. మేలు చేసేదైతే ప్రకృతిలో విరివిగా కనిపించాలి కదా? 2005లో ఆయన బృందం 70 సహజ ఈస్టు రకాలను వెతికితే 'సై', యూఆర్‌ఈ3 ఒక్కదానిలోనూ కనబడలేదు. 'సై'లో ప్రాణాంతకమైన రకాలు కూడా ఉన్నాయని 2011లో ఆ బృందమే చూపింది. మరుసటి ఏడాది లిండ్‌క్విస్ట్ బృందం దాదాపు 700 రకాలను పరీక్షించి, 10 రకాలలో 'సై' ఉన్నదని ప్రకటించింది. పదింటిని చూసి ఒకరు 'ఉన్నది' అంటారు, మరొకరు 'ఇంత అరుదా' అంటారు. విక్నర్ ప్రశ్న సూటిగానే ఉంది. కాని అరుదుగా ఉండటమే పనికిరానిదనడానికి రుజువు కాదు.

2014లో ఈ ప్రశ్నకు మరో కోణం తోడైంది. ద్రాక్షసారా పులియడం అర్ధాంతరంగా ఆగిపోవడం తయారీదారులకు పాత బెడద. కొన్ని బ్యాక్టీరియాలు వెలువరించే సంకేతాల వల్ల ఈస్టులో ఒక ప్రియాన్ పుట్టి, గ్లూకోజు ఉన్నా ఇతర ఆహారాలను కూడా వాడుకొనేలా దాన్ని మారుస్తుందని లిండ్‌క్విస్ట్ బృందం చూపింది. ఆ మార్పు పిల్లకణాలకూ సంక్రమిస్తుంది. సారా తక్కువగా తయారవుతుంది కనుక బ్యాక్టీరియాకు లాభం. ఆహారపు ఎంపిక పెరిగింది కనుక ఈస్టుకూ లాభమే. నష్టమల్లా సారా కాచేవాడికే.