పేనుకొరుకుడు – పేరు వెనుక చరిత్ర

తల మీదనో, గడ్డంలోనో, మీసంలోనో రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడిపోయి చర్మం నున్నగా బయటపడితే మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో చూసినవారంతా ఒకే మాట అంటారు – "పేను కొరికింది" అని. తలలో ఒక్క పేను కూడా లేని మనిషికి సైతం ఇదే నిర్ధారణ. ఆ నింద పేను మీద ఎట్లా పడిందో, నిజమైన కారణం ఎప్పుడు తెలిసిందో మన పెన్షనరు మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మనది మూడు భాషలు కలిసిన ప్రాంతం. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. ఉర్దూలో ఈ జబ్బును "బాల్‌ఖోరా" అంటారు, అనగా వెంట్రుకలను తినేది. పెన్‌గంగ, ప్రాణహిత నదుల అవతలి మరాఠీ వారు "చాయి" అంటారు. యునానీ హకీములు వాడే అరబ్బీ మాటకు "నక్క జబ్బు" అని అర్థం. వైద్యులు నేడు వాడే "అలోపేసియా" అనే మాట కూడా గ్రీకు భాషలోని నక్క నుండి వచ్చినదే. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడటం చూసి ఆ పేరు పెట్టారట. తమిళులకు ఇది "పుళువెట్టు", అంటే పురుగు కొట్టినది. ఇన్ని పేర్లలో ఎక్కడ చూసినా ఏదో ఒక ప్రాణి ప్రత్యక్షమవుతుంది.

దీనికి మన పూర్వికుల అజ్ఞానమే కారణమని తీసిపారేయడం తగదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా వైద్యులలో కూడా చాలామంది ఇది అంటువ్యాధి అనే నమ్మారు. 1843లో పారిస్ నగరంలో పనిచేస్తున్న డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు ఇట్టి మచ్చలకు ఒక రకం బూజు కారణమని ప్రకటించాడు. ఆయన సూక్ష్మదర్శినిలో చూసిన బూజు నిజమే గాని, అది పిల్లల తలలో వచ్చే తామరకు సంబంధించినది. రెండు జబ్బులు పైకి ఒకేలా కనిపించడం వల్ల వచ్చిన చిక్కు అది. ఆ చిక్కు ఇప్పటికీ ఇండ్లలో ఉన్నది. మనుమడి తలలో మచ్చ మీద పొట్టు లేచి, వెంట్రుకలు మధ్యకు విరిగి, దురద ఉన్నట్లయితే అది తామర కావచ్చును. దానికి పైపూత చాలదు, కొన్ని వారాలు మాత్రలు మింగాలి. 1958 ప్రాంతంలో గ్రైసియోఫుల్విన్ వచ్చిన తర్వాతనే ఈ తామరకు సులువైన మందు దొరికింది. పేనుకొరుకుడులో పొట్టు ఉండదు, చర్మం నున్నగా ఉంటుంది.

ఇక నాటు వైద్యం. గురివింద గింజను అరగదీసి మచ్చ మీద పట్టించడం మన పల్లెలలో అందరూ ఎరిగినదే. ఇది కేవలం పల్లె వైద్యం కాదు, ఆయుర్వేద గ్రంథాలు ఇంద్రలుప్తం అనే పేరుతో ఈ వ్యాధిని వర్ణించి, గురివింద లేపనాన్ని చెప్పినవి. దానితో గుణం కనిపించిందని చెప్పేవారు ఉన్నారు. అందుకు రెండు కారణాలు ఊహించవచ్చు. చిన్న మచ్చలు చాలామందిలో ఏ మందు లేకున్నా ఏడాదిలోపు వాటంతట అవే పూడుకుంటాయి, మొదట తెల్ల వెంట్రుకలు వచ్చి తర్వాత నల్లబడతాయి. అదీగాక చర్మాన్ని కావాలని రెచ్చగొట్టి వెంట్రుకలను రప్పించే పద్ధతి నేటి చర్మవైద్యులకు కూడా ఉన్నది. అయితే వారు వాడే రసాయనం వేరు, కొలత వేరు. గురివిందలోని విషం ప్రాణాంతకం. గాటు పెట్టిన చర్మం మీద రాయడం, నూరిన గింజను పిల్లలున్న ఇంట్లో ఉంచడం ఎంతమాత్రం తగదు.

అసలు కారణం ఇరవయ్యవ శతాబ్దంలో గాని తేలలేదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ కణాలే పొరపాటున వెంట్రుక కుదుళ్ళను శత్రువులనుకొని చుట్టుముడతాయి. కుదురు చావదు, మొద్దుబారుతుంది, అందుకే తిరిగి మొలిచే అవకాశం ఉంటుంది. ఇది ఒకరి నుండి మరొకరికి అంటదు. దువ్వెన వేరు పెట్టడం, పిల్లను బడి మాన్పించడం అనవసరం. 1950 దశకం నుండి మచ్చలోనే స్టెరాయిడ్ సూది వేయడం వాడుకలోకి వచ్చింది, నేటికీ చిన్న మచ్చలకు అదే ముఖ్యమైన చికిత్స. తలంతా ఊడిన తీవ్రమైన జబ్బుకు 2022 జూన్‌లో అమెరికా ప్రభుత్వం బారిసిటినిబ్ అనే మాత్రకు అనుమతినిచ్చింది. అది అంతకు ముందే కీళ్ళవాతానికి వాడుతున్న మందు. అంటురోగాలు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఉన్నందున అది వైద్యుని పర్యవేక్షణలో తప్ప వాడరానిది.

మచ్చగా కాక తలంతా దువ్వెనకు కుచ్చులుగా రాలే జుట్టు సంగతి వేరు. ఉట్నూరు, జైనూరు ఏజెన్సీలో మలేరియా, ఊళ్ళలో టైఫాయిడ్, 2005-06లో చికున్‌గున్యా, 2020-21లో కరోనా – ఏ పెద్ద జ్వరమైనా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. జ్వరం నాడు విశ్రాంతిలోకి పోయిన కుదుళ్ళు అప్పుడు వదులుతాయి. 1961లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఈ క్రమాన్ని వివరించాడు. ఆరు నెలలలో చాలావరకు సర్దుకుంటుంది. కాన్పు తర్వాత కూడా ఇదే వరస. అంతకు మించి సాగితే ఆడపిల్లలకు రక్తహీనత, థైరాయిడ్ పరీక్ష చేయించాలి, నూనెల మీద వందలు తగలేయడం కాదు. గుంటగలగరాకు నూనె, ఆదిలాబాద్ అడవుల ఇప్ప నూనె జుట్టుకు మెరుపునిస్తాయి, సంతోషమే. రక్తంలోని లోటును అవి పూడ్చలేవు.

ఇట్టి జ్వరాల తర్వాతనే వేములవాడ రాజన్నకు, కొండగట్టు అంజన్నకు తలనీలాలు మొక్కుకునేవారు. గుండు చేయించాక జుట్టు ఒత్తుగా వచ్చిందని చెప్పుకొనేవారు. రాలడం ఆగే కాలమూ, మొక్కు తీర్చే కాలమూ ఒకటి కావడం దీనికి ఒక కారణం. కత్తితో కోసిన వెంట్రుక కొన మొద్దుగా ఉండి మందంగా తోచడం రెండవది. క్షౌరం వల్ల వెంట్రుక మందం గాని, పెరిగే వేగం గాని మారదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా పరిశోధకురాలు కొలిచి చూపింది. మొక్కు మొక్కుగానే ఉండనివ్వండి, దానిని మందు చేయవద్దు.

బట్టతల మాటకు వస్తే, అది వంశపారంపర్యం, పురుష హార్మోను కలిసి చేసే పని అని 1942లో జేమ్స్ హామిల్టన్ నిరూపించాడు. దాని మందులు రెండూ మన వయసువారి మాత్రల డబ్బాలోంచి వచ్చినవే కావడం విశేషం. మినాక్సిడిల్ 1979లో రక్తపోటు మాత్రగా అమెరికాలో అనుమతి పొందింది. మింగిన రోగులకు ఒంటి నిండా వెంట్రుకలు రావడంతో 1988లో తలకు రాసే మందుగా మారింది. ఫినాస్టెరైడ్ 1992లో ప్రోస్టేటు వాపుకు, 1997లో తక్కువ మోతాదులో బట్టతలకు వచ్చింది. రెండూ వాడినంత కాలమే పనిచేస్తాయి. ఫినాస్టెరైడ్ మాత్ర విరిగినా, పొడి అయినా ఇంట్లోని గర్భిణులు ముట్టరాదు. ఆ మాత్ర కొన్ని నెలలు వాడిన పురుషునికి ప్రోస్టేటు క్యాన్సరును పసిగట్టే పి.ఎస్.ఎ. రక్తపరీక్షలో అంకె దాదాపు సగానికి పడిపోతుంది. కనుక జుట్టు కోసం వాడుతున్నా సరే, సిగ్గుపడక ఆ సంగతి పరీక్ష రాసే డాక్టరుకు ముందే చెప్పాలి.